కుప్ప అడుగు ఆరికలు

అంగన్‌వాడీలో బరువు తూచే రోజున వరదమ్మ తన మనవరాలికి రెండు గ్లాసుల నీళ్లు తాగించి మరీ తీసుకొచ్చేది. టీచరు నిర్మలమ్మకు ఈ సంగతి తెలుసు.

"ఏమత్తా, ఈ నెల ఎన్ని గలాసులు పోసినావు?"

"ఒగటే మే. దప్పికంటే తాగించినా."

"పొయ్, పొయ్. నీళ్ల బరువు నా కాయితంలోకి ఎక్కతాది గానీ పాప వొంటికి ఎక్కదు."

అక్కడున్న తల్లులు నవ్వేవాళ్లు. వరదమ్మ కూడా నవ్వేది. నవ్వుతూనే తూకం మిషను మీది అంకెలనే చూసేది. ఆమెకు చదువు రాదు కానీ అంకెలు తెలుసు. మే నెలలో అవి తొమ్మిదిన్నర దగ్గర ఆగాయి. హేమశ్రీకి అప్పటికి మూడేళ్లు నిండాయి. కార్డులో ఆ పాప చుక్క, బరువు మరీ తక్కువున్న పిల్లల ఎర్ర పట్టీలో పడింది.

హేమశ్రీ తల్లి కోమలి వరదమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆమె, మొగుడు మునికుమార్ ఇద్దరూ తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఒకరు పగలైతే ఒకరు రాత్రి. ఉండేది ఒక్క గది. పాపకు ఏడాది నిండగానే తెచ్చి వరదమ్మ దగ్గర వదిలారు. ప్రతి ఆదివారం కోమలి నా ఫోనుకు చేస్తుంది, వరదమ్మకు ఫోను లేదు కాబట్టి. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ.

మే నెల తూకం విన్నాక కోమలి గట్టిగానే చెప్పింది.

"అమ్మా, నిన్ను అనేదేం లేదు. కానీ ఉగాది లోపల పాప పదకొండు కేజీలు రాకుంటే మేమొచ్చి పిలుచుకోని పోతాం."

"పిలుచుకోని పోయి యాడ పెడతావు? మీరిద్దురూ పనికి పోతే ఎవురు సూస్తారు?"

"పక్కింటామె ఉండాది. ఆమె కాడ ఇంగా నలుగురు పిల్లోళ్లు ఉండారు. టీవీ పెడతాది, ఉంటారు."

వరదమ్మ ఫోను నాకిచ్చేసింది. కోమలికి ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టి, రెండేళ్లకే పోయాడు. ఏ జబ్బని ఎవరూ పేరు చెప్పలేదు. ఎవరైనా అడిగితే "సన్నగిల్లి పోయినాడు" అని మాత్రం అనేది. హేమశ్రీ చేతులు పట్టుకుని మణికట్టు దగ్గర వేళ్లతో చుట్టి చూసుకోవడం ఆమెకు అలవాటు. ఎవరూ లేరనుకున్నప్పుడు చూసుకునేది.

వరదమ్మ పుట్టిల్లు పుత్తూరు అవతల కొండ కింద. పదిహేనో ఏట ఈ ఊరికి వచ్చింది. మొగుడు చిన్నబ్బ మామిడికాయల లోడు ఎత్తే పనికి పోయేవాడు. ఒకసారి లారీ మీద నుంచి పడి, విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని నెలన్నర కూర్చున్నాడు. చెయ్యి అతుక్కుంది. ఆ తర్వాత రెండేళ్లకు గుండెనొప్పితో పోయాడు. ఆమెకు మిగిలింది డెబ్బై సెంట్ల మిట్టచేను. చుట్టూ అందరూ మామిడి పెట్టుకున్నారు. ఆమెకు నీళ్లు లేవు, మొక్కలకు బిందెలతో మోసే మనిషీ లేడు. ఆ చేను చాలా ఏళ్లు బీడుగానే ఉంది.

ఆ జూన్‌లో రైతు సేవా కేంద్రం నుంచి బాలచంద్ర అనే వ్యవసాయ సహాయకుడు వచ్చాడు. పాతికేళ్లు దాటి ఉండవు. చిరుధాన్యాలు వేసేవాళ్లకు ప్రభుత్వం విత్తనం ఉచితంగా ఇస్తుందని, దున్నకానికి సాయం చేస్తుందని, పండిన గింజను ఆడించడానికి మండలంలో మిషను పెట్టిందని చెప్పాడు. బరువు తక్కువ ఉన్న పిల్లల ఇళ్లకు నాలుగు నెలల పాటు ఆరిక బియ్యం పొట్లాలు కూడా ఇస్తారు. పదకొండు మంది పేర్లు రాయించుకుని విత్తనం సంచులు తీసుకున్నారు. విత్తింది వరదమ్మ ఒక్కతే. మిగతా విత్తనం కోళ్లు తిన్నాయి.

బాలచంద్ర కాగితం చూసి సాలుకు సాలుకు ఎంత దూరం ఉండాలో చెబుతుంటే, వరదమ్మ ఒడిలో విత్తనం పోసుకుని నిలబడి వింది.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయిందమ్మా."

"అయితే రోంత పక్కకు జరుగు. సాలు తొక్కతాండావు."

అతను నవ్వి పక్కకు జరిగాడు. ఆమె చల్లడం అంతా ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఎప్పుడు వచ్చినా ముందు ఆమె ఇంటికే వచ్చేవాడు. ఆమె అతన్ని సారూ అనే పిలిచేది, కానీ మజ్జిగ ఇచ్చేటప్పుడు "తాగు అబ్బోడా" అనేది.

పొట్లాల్లో వచ్చిన ఆరిక బియ్యాన్ని ఆమె జావలా కాచి, మజ్జిగ కలిపి, చిన్న ఉల్లిపాయ నలిపి పెట్టేది. అంగన్‌వాడీ గుడ్డును చూస్తే తల తిప్పుకునే పాప, ఈ జావకు నోరు తెరిచింది. జూలైలో రెండు వందల గ్రాములు పెరిగింది. ఆగస్టులో ఇంకా పెరిగింది. అక్టోబరు తూకానికి వరదమ్మ నీళ్లు తాగించకుండా తీసుకొచ్చింది. పది కేజీల నాలుగు వందలు. నిర్మలమ్మ కార్డులో చుక్క పెట్టి, ఆ పట్టీ ఎరుపు కాదని ఆమెకు చూపించింది. వరదమ్మ కార్డు తీసుకుని చాలాసేపు పట్టుకుంది. ఆ సాయంత్రం కోమలికి తానే ఫోను చేయించింది.

"ఇంగ ఆరు నూర్లు. అంతే. నా చేను గింజ ఇంటికి రానీ."

ఆ నెలతో పొట్లాలు ఆగిపోయాయి. అందుకే ఆమె చేను కోసం అంత తొందరపడింది. నవంబరు మొదటి వారంలో కోత కోసి, కట్టలు కట్టి, చేలోనే కుప్ప వేసింది. ఇంటికి చేర్చడానికి ట్రాక్టరు అతను రెండు రోజుల్లో వస్తానన్నాడు. వాన ముందు వచ్చింది. ఆరు రోజులు తెరిపి లేకుండా పడింది. నిర్మలమ్మ ఇంట్లోంచి ప్లాస్టిక్ పట్ట తెచ్చి కుప్ప మీద కప్పాము. నీళ్లు పై నుంచి కాదు, కింద నుంచి ఎక్కాయి.

ఏడో రోజు పట్ట తీస్తే కుప్పలోంచి ఆవిరి వచ్చింది. పై కట్టలు కొన్నే బాగున్నాయి. అడుగు కట్టలు చేత్తో పట్టుకుంటే వెచ్చగా, జిగటగా ఉన్నాయి. కంకులు నల్లబడ్డాయి. వరదమ్మ ఒక కంకి నలిపి వాసన చూసి, గింజలు దులిపేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

పైవీ అడుగువీ వేరువేరుగా నూర్చింది. వేరువేరుగా రోడ్డు మీద ఎండబెట్టింది. పైవి తెల్ల సంచిలో పోసింది, అడుగువి యూరియా సంచిలో. అడుగువి పారబోయొచ్చు కదా అవ్వా అని నేను అడిగాను.

"పారబోస్తే కోళ్లు తిని సస్తాయి. ఇది యాడాది ముట్టకుండా పండబెట్టల్ల. ఆరికలు అట్లాంటివి పాపా. తడిసి కుప్పలో కాగినాయంటే మత్తు పడతాయి. మా అమ్మ కాలంలో ఇంటిల్లిపాదీ తిని, ఎవురు ఎవురో గుర్తు తెలీకుండా పడిపోయినోళ్లు ఉండారు."

ఆమె పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేదట. ఏ సంవత్సరమైనా కొత్త ఆరికలు వండితే ముందు ఇంటి పెద్దావిడ ఒక్కతే తినాలి. తిని, పొద్దు వాలేదాకా గడపలో కూర్చోవాలి. కళ్లు తిరగకపోతే, నాలుక మందం కాకపోతే, మరుసటి రోజు పిల్లలకు పెడతారు. వరదమ్మ తెల్ల సంచిలోని గింజను రోట్లో దంచి, ఏడు నీళ్లు కడిగి, వండుకుని తిని గడపలో కూర్చుంది. దారిన పోయేవాళ్లు అడిగారు.

"ఏం వరదమ్మా, ఎవురికోసరం కాసుకోనుండావు?"

"యముడికోసరం. వస్తాడో రాడో సూస్తాండా."

రాలేదు. రెండో రోజు కూడా తిని కూర్చుంది. మూడో రోజు హేమశ్రీకి జావ పెట్టింది. పాపకు ఏమీ కాలేదు. మళ్లీ పెట్టమని గిన్నె చూపించింది.

డిసెంబరులో మా అంగన్‌వాడీలో చిరుధాన్యాల వంటల కార్యక్రమం పెట్టారు. తిరుపతి నుంచి పై అధికారులు వస్తారని చెప్పారు. మండలంలో ఆరికలు పండించిన మనిషి ఈమె ఒక్కతే కాబట్టి, ఆమె చేను గింజతోనే పొంగలి వండాలన్నారు. ఆమె ఫోటోతో ఫ్లెక్సీ కూడా కొట్టించారు. ముందు రోజు పొద్దున బాలచంద్ర గింజను మిషనుకు తీసుకుపోవడానికి బండి మీద వచ్చాడు.

"పది కేజీలు కావాలమ్మా. పొట్టు పోతే ఆరు నిలుస్తుంది."

తెల్ల సంచిని వేలాడదీసి తూచాడు. ఆరు కేజీలే ఉంది. తక్కినది హేమశ్రీ తినేసింది, కొంత వరదమ్మ విత్తనానికని కుండలో మూసిపెట్టింది. బాలచంద్ర చుట్టూ చూశాడు. గోడకు ఆనించిన యూరియా సంచి కనిపించింది.

"అందులోంచి నాలుగు పొయ్యండి."

"అది వద్దు సారూ. అది కుప్ప అడుగుది. తడిసింది."

"ఎండబెట్టారు కదా?"

"ఎండబెట్టినా. అయినా వద్దు. అది యాడాది ఉండల్ల."

అతను సంచి మూతి విప్పి గుప్పెడు గింజలు తీసి వెలుతురులో చూశాడు. ఎండిన గింజ ఎండిన గింజలాగే ఉంది. కొంచెం బూడిదరంగు. నేను దగ్గరే ఉన్నాను కాబట్టి అది నాకు కనిపించింది. ఆమె చేలో చెయ్యి తుడుచుకోవడం కూడా చూసినదాన్నే. మగవాళ్లు, ఆఫీసు వాళ్లు ఉన్నచోట నాకు గొంతు లేవదు.

"అంతా ఒకే చేనుది కదమ్మా. మిషన్లో పొట్టు, తవుడు అన్నీ పోతాయి. ఆ కాలంలో మిషన్లు లేవు కాబట్టి ఏడాది ఆగేవాళ్లు. రేపటి కార్యక్రమం బాగా జరిగితే, రోజూ అంగన్‌వాడీలోనే ఇక్కడి గింజతో జావ పెట్టేటట్టు రాస్తామన్నారు. హేమశ్రీకి రోజూ దొరుకుతుంది."

వరదమ్మ అతని మొహం చూసింది. తర్వాత లోపల చాప మీద పడుకుని కాళ్లు ఆడిస్తున్న పాపను చూసింది. చేట తీసుకుంది. యూరియా సంచిలోంచి నాలుగు చేటలు తానే పోసింది. పోసి, కడిగేటప్పుడు ఏడు నీళ్లు కడగమని రెండుసార్లు చెప్పింది.

మరుసటి రోజు అంగన్‌వాడీ కుళాయికి నీళ్లు రాలేదు. నిర్మలమ్మ డ్రమ్ములో ఉన్న నీళ్లతో రెండుసార్లు కడిగి ఎసట్లో పోసింది. వరదమ్మ అప్పుడు అక్కడ లేదు. అధికారుల పక్కన నిలబెట్టడానికి ఆమెను చీర మార్చుకు రమ్మని పంపించారు. ఆమె వచ్చేసరికి పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. పొంగలిలో బెల్లం ఎక్కువ వేశారు. ఎవరికీ వేరే రుచి తెలియలేదు.

వరదమ్మ గబగబా వెళ్లి గిన్నెలో మిగిలింది పెట్టించుకుని తింది.

"ఏమత్తా, అంత ఆకలా?" అంది నిర్మలమ్మ.

"ముందు నేను తినల్లనుకున్నా. ఆలీసమైపాయ."

అధికారులు ఫోటోలు దిగి వెళ్లిపోయారు. ఒంటిగంట దాటాక ఒక పిల్లవాడు లేచి రెండడుగులు వేసి పక్కకు వాలాడు. మళ్లీ లేచి, మళ్లీ వాలాడు. చూసినవాళ్లు నవ్వారు. "వాళ్ల నాయన మాదిరే తూలతాండాడు సూడు" అన్నారెవరో. ఆ నవ్వు ఆగకముందే ఇంకో పిల్ల వాంతి చేసుకుంది. తర్వాత ముగ్గురు, నలుగురు. చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నారు. వరదమ్మ గోడ పట్టుకుని హేమశ్రీ దగ్గరికి పోయింది. ఆమెకు కూడా కాళ్లు నిలవడం లేదు. పాప తల ఒక పక్కకు వేలాడుతోంది.

"ఎత్తుకో పాపా" అంది నాతో. "నేను పడేస్తా."

ఎత్తుకున్నాను. నా భుజం తడిసింది.

పదిహేడు మంది పిల్లలను, వరదమ్మను పుత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. పదహారు మంది పిల్లలూ వరదమ్మా మరుసటి రోజు సాయంత్రానికి మామూలుగా అయ్యారు. హేమశ్రీని తిరుపతి పంపించారు. అక్కడ నాలుగు రోజులు సెలైను పెట్టారు. తడిసిన గింజకు పట్టిన బూజులో విషం ఉంటుందని, కడిగినా పూర్తిగా పోదని, పాప వొంట్లో తట్టుకునే బలం లేదని డాక్టరమ్మ చెప్పింది. పంపేటప్పుడు బరువు తూచారు. తొమ్మిది కేజీల ఆరు వందలు. వరదమ్మ ఆ అంకెలు చూసి, మిషను సరిగ్గా ఉందా అని నర్సును అడిగింది.

విచారణ మా అంగన్‌వాడీలోనే జరిగింది. ఒక అధికారి కుర్చీలో కూర్చున్నాడు. బాలచంద్ర ఒక పక్క, నిర్మలమ్మ ఒక పక్క నిలబడ్డారు. వరదమ్మను కింద కూర్చోమన్నారు. నేను, మిగతా ఆడవాళ్లం తలుపు దగ్గర ఉన్నాము.

"తడిసిన ధాన్యం అని నీకు తెలుసా?"

"తెలుసు సారూ."

"తెలిసి ఎందుకు ఇచ్చావు?"

ఆమె కొంగు సర్దుకుంది.

"నిన్ను ఎవరైనా పొయ్యమన్నారా?"

బాలచంద్ర చేతిలోని పెన్నును మూస్తూ తీస్తూ ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అతను మాట్లాడతాడేమోనని నేను ఎదురుచూశాను. ఆమె కూడా ఒక్క క్షణం అతని వైపు చూసింది.

"చేను నాది. గింజ నాది. నా చేత్తో నేనే పోసినా" అంది.

అధికారి రాసుకున్నాడు. నేను తలుపు చెక్కను పట్టుకుని నిలబడ్డాను. కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నారు. తెల్ల సంచి ఖాళీ అయిపోయింది కానీ యూరియా సంచిని, కుండలోని విత్తనాన్ని కూడా తీసుకుపోయి గుంత తీసి పూడ్చారు. కుండలోది మంచిదని ఆమె చెప్పింది. ఇక ఆమె చెప్పేది ఎవరూ వినే స్థితిలో లేరు.

నిర్మలమ్మకు మెమో ఇచ్చారు. ఆ తర్వాత ఆమె వరదమ్మను అత్తా అని పిలవలేదు. అసలు పిలవలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె బిందెకు చోటిచ్చి దూరం జరిగేవాళ్లు. ఒకతను ఆమె వినేటట్టే అన్నాడు, "సారా కాసేదాని కన్నా ఇదే మేలప్పా, రొండు ముద్దలు తింటే పొద్దు గూకే దాకా దిగదు" అని. ఆమె బిందె చంకన పెట్టుకుని నడిచిపోయింది.

బదిలీ అయ్యేముందు బాలచంద్ర ఒకసారి వచ్చాడు. లోపలికి రాలేదు. బండి దిగకుండానే ఉన్నాడు.

"అమ్మా, నేను ఆ రోజు చెప్పాల్సింది."

"చెప్పింటే నీ ఉద్యోగం పోయింటాది. నాకేం పోతాది?" అంది వరదమ్మ. మజ్జిగ ఇవ్వలేదు. అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

కోమలి ఉగాది దాకా ఆగలేదు. జనవరి చివర్లో మునికుమార్‌తో వచ్చింది. అరవలేదు. పాప గుడ్డలు సంచిలో సర్దుతూ ఉంటే వరదమ్మ పక్కనే కూర్చుని ఒక్కొక్కటే మడతపెట్టి అందించింది.

"ఇంగ మూడు నెలలు నా కాడ ఉండనీ మే. ఎట్లన్నా తెచ్చి అంగడి బియ్యమే పెడతా."

"నీకు తెలుసంట కదమ్మా. తెలిసి పోసినావంట."

"తెలుసు."

"మల్లా ఎందుకు పోసినావు?"

"రోజూ పెడతారంటే పోసినా. పాపకి."

కోమలి సంచి జిప్పు లాగింది. అది ఇరుక్కుంది. మునికుమార్ వచ్చి సరిచేశాడు. హేమశ్రీ వాళ్ల నాయన భుజం మీద నుంచి చెయ్యి ఊపింది, ఎవరో ఊపమని చెప్పినట్టు.

ఇప్పుడు మిట్టచేను మళ్లీ బీడు. ఈ జూన్‌లో కొత్త సహాయకుడు వచ్చి రాగి విత్తనం ఇస్తామని పేర్లు రాసుకున్నాడు. వరదమ్మ ఇంటి దగ్గర ఆగలేదు. ఎవరో ఆ ఇల్లు చూపించి ఏదో చెప్పినట్టున్నారు. ఆమె పొద్దున్నే మామిడి తోటల్లో కాయలేరడానికి పోతుంది. వచ్చి రేషను బియ్యం ఒక్క గ్లాసు వండుకుంటుంది. ఆమె కూడా బాగా చిక్కింది.

ఆదివారం ఆదివారం కోమలి ఫోను చేస్తూనే ఉంది. వరదమ్మ అడిగేది ఒక్కటే. పోయిన వారం కూడా అదే అడిగింది.

"పాప బరువు ఎంత వచ్చింది?"

"ఈడ తూచేవాళ్లు ఎవురూ లేరమ్మా. బాగానే ఉండాది."

"ఎత్తుకుంటే ఎట్లుండాది? బరువు తెలస్తాండాదా?"

అవతల వెనక ఎక్కడో టీవీ మోగుతోంది.

"నేను వచ్చేతలికి నిద్రపోయి ఉంటాదమ్మా. లేసేతలికి నేను పనికి పోయి ఉంటా. ఎత్తుకునేది యాడ?"

వరదమ్మ ఫోను నాకు ఇచ్చి లోపలికి వెళ్లింది. కోమలి ఇంకా లైనులోనే ఉంది. నేను చెవి దగ్గర పెట్టుకుని ఆ టీవీ మోత వింటూ నిలబడ్డాను.